బ్రస్సెల్స్ విమానం దిగినవాళ్లు

వచ్చినవాళ్లకు స్వాగతం చెప్పడం కమ్లి పని. మిరపకాయలు ఏరడం, వరినాట్లు వేయడం కూడా ఆమె పనులే గాని, వేంసూరు చుట్టుపక్కల అవి అందరికీ వచ్చు. అద్దాలు కుట్టిన లంగా, గవ్వల రవిక వేసుకుని, తండా ఆడవాళ్లను వెంటబెట్టుకుని, కారు దిగిన పెద్దమనిషి ముందు గుండ్రంగా తిరిగి ఆడి, మెడలో దండ వేసి లోపలికి పంపడం మాత్రం కమ్లి జట్టుకే వచ్చు. డప్పు కొట్టేది ఆమె మరిది మోతీలాల్.

ఈ జట్టు కలెక్టర్లకు ఆడింది. మంత్రులకు ఆడింది. భద్రాచలంలో సంబరాలు చూడటానికి వచ్చిన ఢిల్లీ వాళ్లకు ఆడింది. పామాయిల్ ఫ్యాక్టరీ గేటుకు ఆడింది. సత్తుపల్లిలో బొగ్గు తవ్వేచోటికి కొత్త డంపర్ వచ్చిన రోజు, దాని చక్రమే కమ్లి కంటే ఎత్తుంటే, నిచ్చెన వేసుకుని ఎక్కి బొట్టు పెట్టి, దిగి దాని ముందు ఆడింది. వచ్చిన మనుషులు ఫొటో అయ్యేదాకా నిలబడి, దండ తీసి పక్కవాడి చేతికిచ్చి వెళ్లిపోయేవాళ్లు. ఆట మొత్తం అయ్యేదాకా కదలకుండా నిలబడింది ఆ డంపర్ ఒక్కటే.

కమ్లి దీని గురించి బాధపడేది కాదు. "మనం ఆడేది వాళ్లు చూడనీకి గాదు. వాళ్లు వచ్చిన్రని పదిమందికి తెల్వనీకి," అని జట్టులో కొత్తగా చేరిన కోడళ్లకు చెప్పేది.

2008 చలికాలంలో జగదీష్ తండాకు వచ్చాడు. అతను కమ్లి చెల్లెలి కొడుకు. పెద్ద పెద్ద కార్యక్రమాలకు ఆటపాటల జట్లను కుదిర్చే ఉద్యోగం ఖమ్మంలో చేస్తున్నాడు. ఇంటి ముందు మిరపకాయలు ఎండబోస్తున్న కమ్లి పక్కన చెప్పులు విడిచి కూర్చున్నాడు. ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. మనం తెలుగులో చెప్పుకుందాం.

"పెద్దమ్మా, ఈసారి విమానానికి ఆడాలె," అన్నాడు.

కమ్లి ఆలోచించింది. "విమానానికి బొట్టు యాడ పెడ్తరు?"

"విమానానికి గాదు. దాంట్ల నుంచి దిగెటోళ్లకు."

నోర్డానా అని ఒక విమానాల కంపెనీ ఉందట. శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు వచ్చింది గదా, అక్కడికి బ్రస్సెల్స్ నుంచి తిన్నగా విమానం వేస్తోందట. ఇంతకాలం అటునుంచి వచ్చేవాళ్లు బొంబాయిలోనో దుబాయిలోనో దిగి ఇంకో విమానం ఎక్కాల్సి వచ్చేదట. ఇక ఆ బాధ లేదు. యూరప్‌లో ఎక్కితే హైదరాబాద్‌లో దిగడమే.

"సత్తుపల్లి నుంచి హైదరాబాద్ నాన్‌స్టాప్ బస్సు లెక్క," అన్నాడు మోతీలాల్.

"గంతే బాబాయ్."

"అది సూర్యాపేటల ఆగుతది గద."

"ఇది ఆగదు."

మోతీలాల్ నమ్మలేదు. కంపెనీ పెద్దాయన ఎవరో ఒక పుస్తకంలో అద్దాల బట్టల ఆడవాళ్ల బొమ్మ చూసి, మొదటి విమానం దిగినప్పుడు వీళ్లే ఉండాలని పట్టుబట్టాడని జగదీష్ చెప్పాడు.

జట్టంతా స్వరాజ్ మజ్దా వ్యానులో బయలుదేరి, సాయంత్రానికి శంషాబాద్ దగ్గర ఒక ఫంక్షన్ హాలుకు చేరింది. అక్కడ సరళ అనే అమ్మాయి వాళ్ల కోసం ఎదురుచూస్తోంది. నీలం కోటు, మెడలో కార్డు. హైదరాబాద్‌లో ఆ విమాన కంపెనీ హడావిడి మొత్తం ఈ పిల్ల నెత్తిమీదే ఉందని చూస్తేనే తెలుస్తోంది.

"కమ్లి గారూ, మీరు నవ్వుతూ ఉండాలండి," అంది సరళ. "ఇంకోటి, వాళ్ల భాషలో స్వాగతం అనాలి. బియాన్‌వెన్యూ. ఏదీ, అనండి."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరళ మళ్లీ అంది. వాళ్లూ అన్నారు. చాలాసేపు అన్నారు. చివరికి అది "బియ్యం వెన్ను" దగ్గర నిలబడింది. అక్కడి నుంచి ఎంత లాగినా కదల్లేదు.

"బియ్యానికి వెన్నుండదు బిడ్డా, వడ్లకుంటది," అంది కమ్లి, తప్పు సరళదైనట్టు.

"పర్వాలేదండి. డప్పు చప్పుడులో తెలీదు," అంది సరళ.

మర్నాడు తెల్లవారేసరికి ఎయిర్‌పోర్టులో ఉన్నారు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎదురుగా ఉన్న బిల్డింగు మీద పేరు సగమే కనబడుతోంది. లోపలికి పోయే దారిలో తలుపు లేని దర్వాజా లాంటి మిషన్ పెట్టారు. కమ్లి దాంట్లో అడుగు పెట్టగానే అది గట్టిగా అరిచింది.

"ఇనుము, వెండి, ఏమున్నా తీసి రావాలమ్మా," అంది సెక్యూరిటీ అమ్మాయి.

కమ్లి తనను తాను కిందికీ మీదికీ చూసుకుంది. చేతుల నిండా గాజులు, కాళ్లకు కడియాలు, చెంపల పక్కన వేలాడే వెండి గుత్తులు, లంగా అంచుకు కుట్టిన పావలా బిళ్లలు. "అన్నీ తీస్తే ఆడనీకి ఏం మిగల్దు బిడ్డా," అంది.

ఆ అమ్మాయి పై ఆఫీసరును పిలిచింది. ఆయన వచ్చి, చూసి, చేతి మిషన్‌తో తడిమి పంపమన్నాడు. చేతి మిషన్ కమ్లి తల దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా ఊపిరి తీసుకోకుండా అరిచింది. తర్వాత మిగతా ఆడవాళ్లు వరుసగా వచ్చారు. జట్టు సగంలో ఉండగానే దాని బ్యాటరీ అయిపోయింది. మోతీలాల్ డప్పును మాత్రం ఏ మిషనూ ఏమీ అనలేదు. అతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

ప్రయాణికులు బయటికొచ్చే గాజు తలుపుల ముందు ఎర్ర తివాచీ పరిచి ఉంది. పైన బ్యానర్: బ్రస్సెల్స్ – హైదరాబాద్, రెండు ఖండాలు, ఒకే అడుగు. పక్కన బుట్టల్లో బంతిపూల దండలు, బల్ల మీద చిన్న చిన్న గుడ్డ సంచులు. ఒక్కో సంచిలో ఒక చాక్లెట్ డబ్బా, ముత్యం వేలాడే తాళాల గొలుసు. పేపర్ల ఫొటోగ్రాఫర్లు గోడకు ఆనుకుని ఆవలిస్తున్నారు. మంచు వల్ల ఏ విమానమూ దిగలేకపోతోంది. అన్నీ పైనే తిరుగుతున్నాయట.

"పాపం, పెట్రోలు," అన్నాడు మోతీలాల్.

ఎండ కాస్త వచ్చాక సరళ ఫోన్ మోగింది. "ల్యాండయిందా? థాంక్ గాడ్!" అని, ఆమె కమ్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "దీపం వెలిగించడానికి మంత్రి గారు వచ్చి పైన ఉన్నారు, తీసుకొస్తానండి. తలుపు తెరుచుకోగానే మొదలుపెట్టేయండి. ప్రతి ఒక్కరికీ దండ, సంచి. ఆఖరి మనిషి వెళ్లేదాకా ఆపొద్దు. నేను చెప్తే తప్ప ఎవరు చెప్పినా ఆపొద్దు."

"అట్లనే," అంది కమ్లి.

ల్యాండయిన మాట నిజమే. అయితే అది మస్కట్ నుంచి వచ్చిన విమానం. ఫోన్ చేసినవాడికి మంచులో ఏ విమానమో సరిగా కనబడలేదు.

తలుపు తెరుచుకుంది. మోతీలాల్ డప్పు మీద దెబ్బ వేశాడు. ఆడవాళ్లు చేతులు తట్టి తిరగడం మొదలుపెట్టారు. తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, పెద్ద పెద్ద పూల దుప్పట్లు నెట్టుకుంటూ వస్తున్న మగవాళ్లు ఆ చప్పుడుకు ఒక్కసారి నిలబడిపోయారు. వెనకున్నవాళ్లు ముందున్నవాళ్లకు గుద్దుకున్నారు. ఒకతను తాను తప్పు తలుపులోంచి వచ్చాననుకుని బండి తిప్పుకుని వెనక్కి పోయాడు.

మోతీలాల్ కొడుతూనే వదిన పక్కకు జరిగాడు. "వదినే, వీళ్లు దొరలు గాదు. మనోళ్లే."

"విమానం దిగిన్రా లేదా?"

"దిగిన్రు."

"మరి కొట్టు."

గోడ పక్కనుంచి జగదీష్ చేతులు ఊపుతూ "పెద్దమ్మా, ఆపు, ఆపు," అన్నాడు. అతను సరళ కాదు గనక కమ్లి ఆపలేదు.

అందరికంటే ముందు నిలబడిపోయినవాడు నలభై ఏళ్ల మనిషి. పెట్టె మీద తెల్ల రంగుతో పగిడయ్య, వైరా అని రాసి ఉంది. కమ్లికి చదువు రాదు. దండ పట్టుకుని అతని ముందుకు పోయి, "బియ్యం వెన్ను," అంది.

"ఆఁ?"

"బియ్యం వెన్ను. వంగు."

"అమ్మా, నేను గాదమ్మా," అన్నాడు పగిడయ్య, రెండు చేతులూ అడ్డం పెట్టి. "ఇది ఎవరికో పెద్దోళ్లకు. నేను పైపులేసే పనికి పొయ్యొస్తున్న."

"విమానం దిగినవా?"

"దిగిన."

"అయితె వంగు."

పగిడయ్య వంగాడు. దండ మెడలో పడ్డాక వెంటనే లేవలేదు. కాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచి, "మాది వైరా కాడమ్మా," అన్నాడు, అడగకుండానే.

"మాది వేంసూరు," అంది కమ్లి.

అంత దూరం పోయి వచ్చి, మొదట కలిసిన మనిషిది వేంసూరు అని తెలిసేసరికి పగిడయ్య పెట్టె పక్కకు నెట్టి, కండువా నడుముకు చుట్టి, డప్పుకు అడుగు కలిపాడు. అతన్ని చూసి వెనకున్నవాళ్లు కదిలారు. నిజామాబాద్ వాళ్లు, కరీంనగర్ వాళ్లు, కడప వాళ్లు. నెత్తిమీద దుప్పటి మూట దించకుండానే ఆడినవాళ్లు ఉన్నారు. దండ వేయించుకుని పక్కకు జరిగి, గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నవాళ్లు ఉన్నారు. కమ్లి ఇన్నేళ్లలో ఎంతోమందికి దండలు వేసింది గాని, వాళ్లెవరూ తిరిగి ఆమె మొహంలోకి చూసేవాళ్లు కాదు. ఇక్కడ ప్రతివాడూ చూస్తున్నాడు. ఎటు చూడాలో ఆమెకే తెలియలేదు. సరళ నవ్వమన్న సంగతి మరిచిపోయింది. మరిచిపోయాకే నవ్వు వచ్చింది. ఫొటోగ్రాఫర్లు నిద్ర వదిలి టకటకా ఫొటోలు కొడుతున్నారు.

సరళ మంత్రిగారిని వెంటబెట్టుకుని వచ్చేసరికి తివాచీ మీద నిలబడే చోటు లేదు. ఆమె దుప్పట్లను చూసింది, పెట్టెలను చూసింది, నేరుగా కమ్లి దగ్గరికొచ్చింది.

"కమ్లి గారూ, వీళ్లు మనవాళ్లు కాదండీ!"

"మనోళ్లేనమ్మా," అంది కమ్లి. "వైరాయన గూడ ఉన్నడు."

సరళ ఆపమని చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోగా మంత్రిగారు కెమెరాలను చూసి, ముందున్న పగిడయ్య చేయి పట్టుకుని ఊపడం మొదలుపెట్టారు.

"ప్రయాణం మంచిగ జరిగిందా? అక్కడ చలి ఎట్లుంది?"

"చలి యాడిది సార్, మాడిపోయినం," అన్నాడు పగిడయ్య.

మంత్రిగారు పక్కనున్న సెక్రటరీ వైపు తిరిగారు. "యూరప్‌ల గూడ ఎండలు ముదిరినయట," అన్నారు. సెక్రటరీ తల ఊపాడు. ఇద్దరూ దీపం వెలిగించి, ఇంకో కార్యక్రమానికి వెళ్లిపోయారు. ఫొటోగ్రాఫర్లూ పని అయిందని వెళ్లిపోయారు. ఆఖరి దుప్పటి మనిషి బయటికి పోయాక సరళ "ఆపండి," అంది. మోతీలాల్ ఆపాడు. బుట్టల్లో దండలు లేవు. బల్ల మీద సంచులు లేవు.

అసలు విమానాన్ని మంచు వల్ల చెన్నైకి పంపారని, పదకొండింటికి వస్తుందని అప్పుడు తెలిసింది. సరళ ఎర్ర తివాచీ అంచున కూర్చుండిపోయింది. "నా ఉద్యోగం పోయింది," అంది.

కమ్లి ఆమె పక్కన కూర్చుంది. "ఏమన్నరు నీకు? వచ్చెటోళ్లకు మంచిగ స్వాగతం చెయ్యమన్నరు. చేసినం."

"వేరేవాళ్లకు చేశామండి."

"వాళ్లకు గూడ చేద్దం. కాళ్లున్నయి గద."

చెప్పినట్టే బ్రస్సెల్స్ విమానం వచ్చింది. దండలు లేవు గనక బ్యానర్‌కు చుట్టిన బంతిపూలు విప్పి, మనిషికో పువ్వు చేతిలో పెట్టారు. దిగినవాళ్లలో సగం మంది మనవాళ్లే, భుజాన లాప్‌టాప్ సంచులు, చంకన నిద్రపోతున్న పిల్లలు. చెన్నైలో విమానంలోనే కూర్చోబెట్టారని అందరూ మండిపడుతున్నారు. పువ్వు తీసుకున్నారు, ట్యాక్సీ ఎటని అడిగారు, పోయారు. ఒక తెల్ల ముసలామె మాత్రం ఆగి, కమ్లి రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. ఏమన్నదని కమ్లి అడిగితే, బాత్రూం ఎక్కడని అడిగిందని సరళ చెప్పింది. మోతీలాల్ మాత్రం డప్పు దించగానే జగదీష్‌ను నిలబెట్టి, "నాన్‌స్టాప్ అన్నవు," అన్నాడు.

విమానం సంగతి ఏమైందో ఇక్కడే చెప్పేస్తే పని అయిపోతుంది. మర్నాటి పేపర్లో పగిడయ్య, మంత్రిగారు చేతులు పట్టుకున్న ఫొటో వచ్చింది: బ్రస్సెల్స్ నుంచి తొలి విమానం, ప్రయాణికుల ఆనందనృత్యం. ఆ ఫొటో బ్రస్సెల్స్ ఆఫీసుకు చేరింది. ఏ రూటులోనూ ఇంత సంతోషంగా దిగిన ప్రయాణికులను చూడలేదని అక్కడివాళ్లు సరళను మెచ్చుకున్నారట. ఆమె ఉద్యోగం పోలేదు. రూటు పోయింది. ఎక్కేవాళ్లు తక్కువయ్యారని వానాకాలం రాకముందే ఆపేశారు.

ఇదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం కమ్లి జట్టు పార్కింగుకు వచ్చేసరికి, పగిడయ్య తన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. దండ ఇంకా మెడలోనే ఉంది.

"మీ బండి వైరా మీదికెళ్లే గద పోతది అక్కా?" అన్నాడు.

ఎక్కించుకున్నారు. కోడళ్లు మస్కట్ గురించి అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. మరి తీసుకుపోవడానికి ఇంటివాళ్లు ఎవరూ రాలేదేమని అడిగితే మాత్రం కిటికీలోంచి బయటికి చూశాడు. సూర్యాపేటలో బండి ఆగింది. చాయ్ తాగుతూ కమ్లికి ఒక్కదానికే చెప్పాడు.

"వస్తున్నట్టు ఇంటికి చెప్పలేదక్కా. పొయ్యేనాడు నా పెండ్లాంతోని కొట్లాడి పోయిన. పోవద్దన్నది. నీ మాటేందని తిట్టి పోయిన. నాలుగేండ్లాయె. ఫోన్ల మాట్లాడుకున్నం గని, అవి అన్నీ పిల్లల ముచ్చట్లు, వానల ముచ్చట్లు. ఇప్పుడు ముఖం మీద ముఖం వెట్టి చూడాల్నంటే కాళ్లు వస్తలేవు."

కమ్లి చాయ్ తాగింది.

"మీరు ముందు నడవండ్రి అక్కా. డప్పు కొట్టుకుంట. నేను ఎనకొస్త."

"ఆమె ఏమంటదో తెల్వకుండ ఆడుడెట్ల?"

"మీరు ఆడుతుంటే ఆమె ఏమన్నా నాకు వినబడదు గద."

కమ్లికి నవ్వొచ్చింది. పొద్దుటినుంచి రెండు విమానాలకు ఆడి కాళ్లు వాచి ఉన్నాయి. మోతీలాల్ అరచేతులు ఎర్రగా కమిలాయి. ఆమె అతని వైపు చూసింది. అతను డప్పు ఎండకు కాస్త కాచుకుంటానని లేచాడు.

వైరాకు ముందే రోడ్డు దిగి, లోపలికి పోయాక పగిడయ్య ఊరు. పొద్దు ఇంకా గుంకలేదు. బజారు మొదట్లో బండి ఆపి డప్పు మీద దెబ్బ వేయగానే తలుపులు తెరుచుకున్నాయి. ముందు అద్దాల బట్టల ఆడవాళ్లు, వెనక నెత్తిమీద పెట్టె, మెడలో వాడిన దండతో పగిడయ్య. గుర్తుపట్టినవాళ్లు కేకలేశారు. ఆ కేకలు డప్పులో కలిసిపోయాయి.

మోకాళ్ల దాకా బురదతో, నాటు వేసే పొలం నుంచి నేరుగా పగిడయ్య భార్య రోజారాణి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరు పోయిన్రు? ఎవరు పోయిన్రు?"

అప్పుడు చూసింది. నిలబడిపోయింది. పగిడయ్య ఏదో చెప్పాడు. పెదవులు కదలడం కనబడింది, మాట వినబడలేదు. ఆమె మోతీలాల్ వైపు చేయి ఎత్తింది. సరళ చెప్పకపోయినా మోతీలాల్ ఆపేశాడు.

వీధిలో అందరూ రోజారాణి ఏమంటుందా అని చూస్తున్నారు.

"గా దండ ఎవరేసిన్రు?" అంది.

"ఈ అక్క," అన్నాడు పగిడయ్య.

ఆమె కమ్లి వైపు తిరిగింది. "ఎందుకేసినవక్కా?"

"విమానం దిగిండు," అంది కమ్లి.

రోజారాణి మొగుణ్ని మళ్లీ చూసింది. తలలో తెల్లబడినచోట ఆమె చూపు ఆగింది. మెడ దగ్గర ఎముకలు తేలినచోట ఆగింది.

"నాలుగేండ్ల నాడు గూడ చెప్తే ఇనలే. ఇయ్యాల గూడ చెప్పకుంటనే వస్తివి. ఇంట్ల కూర లేదు."

అని, ముందుకొచ్చి పెట్టెకు ఒకవైపు చేయి వేసింది. ఇద్దరూ కలిసి దాన్ని అరుగు మీదికి దించారు. దించాక కూడా ఇద్దరూ కాసేపు చేతులు పెట్టె మీదే ఉంచారు. లోపల తాను తెచ్చినవేమిటో పగిడయ్య చెప్పబోతే, "తర్వాత," అని, అంగట్లో టమాటాలు, కోడిగుడ్లు తెమ్మని పంపింది. "ఇంతమంది తినాలె, ఎక్కువ తే," అంది. అతను ఉన్నవాడు ఉన్నట్టే, మెడలో దండతోనే పోయాడు. బజారులో అడిగినవాళ్లకల్లా ఆగి సమాధానం చెబుతూ పోయాడు గనక తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

"మేం పోతం చెల్లె, పొద్దుపోయింది," అంది కమ్లి.

"తినకుంట ఎట్ల పోతరు? కూసోండ్రి," అంది రోజారాణి.

పక్కింటివాళ్లు రెండు మంచాలు తెచ్చి వేశారు. కోడళ్లు ఒకదాని మీద ఒరిగారు. కమ్లి రెండో మంచం మీద కూర్చుని, కడియాలు కొంచెం పైకి జరిపి, వాచిన కాళ్లు చాపుకుంది. రోజారాణి బురద కాళ్లతోనే లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ముందు కమ్లికి ఇచ్చింది. ఆమె తాగడం అయ్యేదాకా అక్కడే నిలబడింది.